తలకట్టు ఒక్కటే గీసుకోండి: తెలుగు పేరు లోగోలకు ఇంక్‌స్కేప్

బొమ్మ లేకుండా పేరునే లోగోగా మలచడం నా పని. దుకాణాల వాళ్లు, పచ్చళ్ల వ్యాపారులు, చిన్న ప్రచురణకర్తలు నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా దీనికోసమే. ఏళ్లుగా ఈ పనంతా ఇంక్‌స్కేప్‌లోనే చేస్తున్నాను. సోడిపోడి అనే ప్రోగ్రాం నుంచి 2003లో విడివడిన, బొమ్మలు గీసే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌కు 1.0 వెర్షన్ వచ్చింది 2020లో. అంత నింపాదిగా ఎదిగినందుకేమో, కొన్ని చోట్ల ఇంకా మొరటుగానే ఉంటుంది. అయినా దీన్ని వదలకపోవడానికి నాకున్న కారణం ఒక్కటే: క్లోన్.

మామూలు కాపీకి అసలుతో సంబంధం ఉండదు. ఆల్ట్, డి కలిపి నొక్కి చేసిన క్లోన్ మాత్రం అసలును ఎలా మారిస్తే అలా మారుతుంది. ఇంగ్లీషు పేరులో అక్షరాలను కలిపి ఉంచేవి నిలువు గీతలు, వాటి చివరలు. మన లిపిలో నిలువు గీతలు బహు తక్కువ. ఆ బాధ్యత తలకట్టు, సున్న, గుడి లాంటి పదే పదే వచ్చే ముక్కల మీద పడుతుంది. అవి తలా ఒక తీరుగా ఉంటే అక్షరాలు ఒకే బస్సెక్కిన ముక్కూమొహం తెలియని ప్రయాణికుల్లా కనిపిస్తాయి.

'సంపంగి' అనే పేరు తీసుకోండి. స, ప రెండింటికీ తలకట్టు ఒంటిని తాకకుండా పైన విడిగా ఉంటుంది. సున్నలు రెండు. చివర గి మీద తలకట్టు పోయి గుడి వస్తుంది. నేను ఒక తలకట్టు, ఒక సున్న మాత్రమే గీసి మిగతా చోట్ల క్లోన్లు పెడతాను. తలకట్టు కొసను కాస్త మొద్దుగా చేస్తే రెండు చోట్లా మొద్దవుతుంది. సున్నను అడ్డంగా కొంచెం సాగదీస్తే రెండూ సాగుతాయి. కొస పదునుగా ఉండాలా, గుండ్రంగా ఉండాలా అని పేరు గలాయన నాలుగు రకాలు చూపించమన్నా విసుగు రాదు.

గుడి దగ్గర మాత్రం ఈ కిటుకు పనిచేయదు. సున్న వంపునే గుడికి వాడదామని క్లోన్‌ను చిన్నది చేస్తే గీత మందం కూడా తగ్గిపోతుంది. ఒత్తులదీ అదే తంతు: అక్షరాన్ని కుదించి కింద పెడితే సన్నబడి ఎవరిదో అక్షరంలా తోస్తుంది. అక్కడ క్లోన్ బంధం తెంచి, అంచును బయటికి జరిపే ఔట్‌సెట్‌తో మందం పెంచి, మూలలను చేత్తో సరిచేసుకోవాలి. మందం కొలతకు సమానమైతే చాలదు, కంటికి సమానంగా ఉండాలి. ఇరుకు చోట వంపు కాస్త సన్నగా ఉంటేనే మిగతావాటితో కలుస్తుంది.

ఖాళీల విషయంలో కొలబద్దను నమ్మకండి. సంపంగిలో మొదటి సున్నకూ ప కూ మధ్య రెండు గుండ్రటి అంచులు ఎదురెదురుగా వస్తాయి. మిగతా చోట్ల ఉన్నంత దూరమే ఇక్కడా పెడితే 'సం పంగి' అని రెండు మాటలుగా చదువుతారు. దగ్గరికి జరపాల్సిందే.

అన్నీ మొదటి నుంచి గీయనక్కరలేదు. తరచుగా నేను ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వాళ్ల అనెక్ తెలుగు ఫాంటుతో మొదలుపెడతాను. అక్షరాలను మార్చుకునే స్వేచ్ఛ దాని లైసెన్సులోనే ఉంది. పైగా అందులో మందంతో పాటు వెడల్పునూ మార్చుకోవచ్చు, ఆ మీటలు ఇంక్‌స్కేప్ టెక్స్ట్ ప్యానెల్‌లోనే కనిపిస్తాయి. బోర్డులో పట్టడం లేదని పేరును పక్కల నుంచి నొక్కేసే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ. అలా నొక్కితే వంపుల పక్క భాగాలు సన్నబడి, పైనా కిందా మందం అలాగే ఉండిపోతుంది. చూస్తే ఒళ్లు మండుతుంది. నొక్కే బదులు వెడల్పు మీటను తగ్గించండి.

ఫాంటు అక్షరాలను పాత్‌గా, అంటే మనం మలచుకోగల గీతలుగా మార్చాక తలకట్టును విడదీయడానికి బ్రేక్ అపార్ట్ వాడితే సున్న నడిమి ఖాళీ నిండిపోయి నల్లటి బిళ్ల మిగులుతుంది. కొత్త వెర్షన్లలోని స్ప్లిట్ పాత్‌కు ఆ బెడద లేదు. 2023లో 1.3తో వచ్చిన షేప్ బిల్డర్ కూడా ముక్కలు అతకడానికి బాగా పనికొస్తోంది. క్లోన్లను మాత్రం బంధం తెంచితే గానీ ఒంటితో ఏకం చేయలేం. అందుకని క్లోన్లున్న ఫైలును వేరుగా దాచుకుంటాను.

పెద్దగా ఎవరూ చెప్పని సౌకర్యం ఐకాన్ ప్రివ్యూ. గీస్తున్నదాన్ని 16, 24, 32, 48, 128 పిక్సెళ్ల సైజుల్లో పక్కనే చూపిస్తుంది. ప ఒంటికీ తలకట్టుకూ మధ్య సందు పూడుకుపోతోందా లేదా అన్నది 32 దగ్గరే తేలిపోతుంది. పూడుకుపోతే సందు పెంచుతాను, క్లోన్లు కాబట్టి అసలు తలకట్టును పైకి జరిపితే స మీదిదీ జరుగుతుంది.

ముద్రణకు వెళ్లేవారికి పెద్ద లోటు సీఎంవైకే, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి. ఇంక్‌స్కేప్ ఆ రంగుల్లో పీడీఎఫ్ నేరుగా ఇవ్వదు, స్క్రైబస్ లాంటి మరో ప్రోగ్రాంలో మార్చుకోవాలి. ఫ్లెక్సీ దుకాణాలకైతే పాత్‌లుగా మార్చిన పీడీఎఫ్ ఇస్తే కోరెల్‌డ్రాలో తెరుచుకుంటారు. ఫాంటు లేదని అక్షరాలు తారుమారయ్యే గొడవ ఉండదు. రంగు తేడా వస్తుందన్న మాట ముందే చెప్పి, మొదటి నమూనా ఎప్పుడూ నలుపులోనే పంపుతాను.