విశాఖ నుంచి చిన్న విమానంలో: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

రొయ్యల ఎగుమతి వ్యాపారం పనిమీద విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరం, చెన్నై, భువనేశ్వర్‌లకు కొన్నేళ్లుగా అద్దె విమానాల్లో తిరుగుతున్నాను. ఎక్కువసార్లు ఎక్కింది రెండు ప్రొపెల్లర్ ఇంజిన్లుండే బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ బి200. విమానం మీద నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు; శబ్దం కాస్త ఎక్కువ, నడుం వంచి నడవాలి, అంతే. రాయవలసింది అందులో ఎక్కే మన గురించి. ఎయిర్ హోస్టెస్ ఉండదు, పైలట్లకూ మనకూ మధ్య ఉండే తెర చాలాసార్లు తీసే ఉంటుంది, కాబట్టి మన తీరు ఎలా ఉన్నా అది నేరుగా వాళ్ల పని మీదే పడుతుంది.

మొదట బరువు సంగతి. బి200 నేల విడిచేటప్పుడు ఇంధనం, మనుషులు, సామాను అన్నీ కలుపుకొని 5,670 కిలోలు దాటకూడదు. ట్యాంకులు పూర్తిగా నింపితే సీట్లన్నీ నింపడం కుదరదు, అందుకే ఎక్కే ముందు ఒక్కొక్కరి బరువూ అడుగుతారు. మనవాళ్లలో చాలామంది మొహమాటపడి నాలుగైదు కిలోలు తగ్గించి చెబుతారు. ఒకసారి బంధువుల పెళ్లికి వెళుతూ సారె బుట్టలు, మాడుగుల హల్వా పెట్టెలు వెంట తెచ్చుకున్నాం. కో పైలట్ చేతి కాటా తెచ్చి ఒక్కొక్క బుట్టనూ వేలాడదీసి కాగితం మీద రాసుకుంటుంటే, మా పిన్నిగారు “అది తేలికేలే నాయనా, వదిలెయ్యి” అంటూనే ఉన్నారు. ఆ తేలిక బుట్ట ఇరవై కిలోలు దాటింది. సామాను పెట్టేది వెనుక సీట్ల వెనకాల కాబట్టి అక్కడ పరిమితి మించితే తోక బరువెక్కి ముక్కు పైకి లేస్తుంది, వేగం తక్కువగా ఉన్నప్పుడు దాన్ని అదుపు చేయడం కష్టమవుతుంది. రెండు బుట్టలు కారులో వెనక్కి వెళ్లాయి. పిన్నిగారి అలక పెళ్లి అయ్యేదాకా తీరలేదు.

తలుపే మెట్లుగా కిందికి తెరుచుకుంటుంది కనుక ఒకరి తర్వాత ఒకరే ఎక్కాలి. ఆ తలుపు రెక్కకు వెనక ఉంటుంది. దిగిన వెంటనే ఫొటో కోసం రెక్క చుట్టూ తిరిగి ముందుకు వెళ్లేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే రెక్క ముందు వేగంగా తిరిగే ప్రొపెల్లర్ కంటికి సరిగా ఆనదు. పైగా మన రన్‌వే నౌకాదళం వారి విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగలోది, అక్కడ ఫొటోలు తీయడమే నిషేధం. తాగి వచ్చేవారి సంగతి వేరే చెప్పనక్కర్లేదు, వారిని ఎక్కించుకోకూడదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పైలట్‌ను తొందరపెట్టడం. అదే పెళ్లి ప్రయాణంలో రాజమహేంద్రవరం దాటాలంటే దారిలో క్యుములోనింబస్, అంటే ఉరుములు మెరుపుల మేఘాలున్నాయని కెప్టెన్ బయలుదేరడం ఆపారు. “ఏటి కెప్టెన్ గారూ, ఇక్కడ ఎండ కాస్తంది కదా, అవతల ముహూర్తం దాటిపోద్ది” అని మా పెద్దబావగారు పట్టుబట్టారు. “ఇక్కడి ఎండతో పని లేదండీ, మనం వెళ్లే దారిలో ఉరుములున్నాయి” అని కెప్టెన్ రాడార్ చిత్రం చూపించి, మారుమాట లేకుండా మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ వర్షంలో కూలిన సంగతి తెలియనివారు మనలో లేరు. అయినా డబ్బిచ్చాం కదా అన్న ధీమాతో, వద్దన్న పైలట్‌ను చేతకానివాడిలా మాట్లాడేవారిని నేను చాలామందిని చూశాను. ఆ మాటలు ఒక్కోసారి కుర్ర పైలట్ మీద పనిచేస్తాయి. నా భయమంతా అక్కడే.

గాలిలో ఉన్నప్పుడు కూడా లేచేటప్పుడు, దిగేటప్పుడు, అంటే సుమారు పది వేల అడుగుల లోపు, ముందుకు వంగి కబుర్లు పెట్టకూడదు. విశాఖలో దిగేటప్పుడు చుట్టూ కొండలు, మేఘాద్రిగెడ్డ జలాశయం వైపు పక్షులు, నౌకాదళ కంట్రోలర్ల సూచనలు, ఇవన్నీ ఒకేసారి చూసుకుంటున్నవారిని ‘అది సింహాచలం కొండేనా’ అని అడగడం ఏం మర్యాద? పైకి వెళ్లి నిలకడగా సాగుతున్నప్పుడు అడిగితే చాలామంది సంతోషంగానే చెబుతారు.

తప్పంతా ప్రయాణికులదే అనను. నేను వాడిన ఒక సంస్థ జాగ్రత్తల మాటలు ఇంజిన్ స్టార్టు చేశాక గొణిగేది; జాగ్రత్తల కార్డు ఇంగ్లీషులోనే ఉండేది; భుజం మీదుగా వేసుకునే బెల్టు సీటు కవరు కింద నలిగి ఉండేది. కుడివైపు అత్యవసర ద్వారం ముందే ఒకసారి సూట్‌కేసులు పేర్చారు, నేను అభ్యంతరం చెబితే తప్ప తీయలేదు. అందుకే ఇప్పుడు బుకింగ్ ముందే అడుగుతున్నాను: విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన నాన్ షెడ్యూల్డ్ పర్మిట్, అంటే విమానాన్ని అద్దెకు తిప్పే అనుమతి, ఉందా, ఎందుకంటే సొంత వాడకానికి నమోదైన విమానాన్ని అద్దెకు తిప్పకూడదు, పైలట్లు ఇద్దరూ ఉంటారా, వాతావరణం బాగోక ఆగితే నా డబ్బు సంగతేమిటి. మూడో ప్రశ్నకు జవాబు ముందే తేలితే పెద్దబావగారి లాంటివారికి పట్టుబట్టే కారణం ఒకటి తగ్గుతుంది. ఈ ప్రశ్నలకు చిరాకుపడిన సంస్థకు మళ్లీ ఫోన్ చేయలేదు.