కావలి ఎండల్లో, కావలి కరెంటుతో మా గేమింగ్ పీసీ

2022 చివర్లో పార్టులు విడివిడిగా కొని, కావలిలో మా ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ ఇది. అప్పటి నుంచి రోజూ వాడుతున్నాను. పగలు ఆఫీసు పని, రాత్రి ఆట. లోపల రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మొదటిసారి కట్టుకునేవాళ్లు ఎక్కువగా ప్రాసెసర్, కార్డు గురించే చదువుతారు. ఇన్నాళ్లు వాడాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఏమిటంటే, పార్టులు ఒకదానితో ఒకటి కలిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం, అవన్నీ మన ఇంటి కరెంటుతో, మన ఎండతో కలవడం.

ముందు ప్రాసెసర్, బోర్డు సంగతి. 5600 కావాలని అడిగితే ఒక షాపులో "5600జీ తీసుకోండి సార్, రెండూ ఒకటే, పైగా గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది" అన్నారు. రెండూ ఒకటి కావు. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16 ఎంబీ. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇంకోటి, కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారిని పీసీఐఈ అంటారు, అంకె పెరిగితే వేగం పెరుగుతుంది. 5600 పీసీఐఈ 4.0 ఇస్తుంది, 5600జీ 3.0 దగ్గరే ఆగిపోతుంది. 5500 కూడా అంతే. ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డు స్లాటులో 16 లేన్లకు 8 మాత్రమే వాడుకుంటుంది కాబట్టి, ఉన్న ఆ 8 పూర్తి వేగంతో నడవడం మంచిది. విడిగా కార్డు ఎలాగూ కొంటున్నవాళ్లకు 5600జీతో పనిలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పెట్టకుండా మానిటర్ వైరు బోర్డుకి గుచ్చితే తెర మీద ఏమీ రాదు.

బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గడి) ఏఎం4 అయినంత మాత్రాన సరిపోదు. పాత బీ450 బోర్డు షాపులో ఏళ్ల తరబడి పడి ఉంటే, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ చేయందే 5000 సిరీస్ ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవచ్చు. అప్‌డేట్ చేయడానికేమో పాత ప్రాసెసర్ కావాలి. అందుకే పెట్టె మీద 'రైజెన్ 5000 డెస్క్‌టాప్ రెడీ' స్టిక్కర్ ఉందో లేదో చూడండి, లేదా ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే బటన్ ఉన్న బోర్డు తీసుకోండి. ప్రతి బోర్డు కంపెనీ సైట్లోనూ ఏ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో పట్టిక ఉంటుంది. డబ్బు కట్టేముందు ఆ పట్టిక తెరిచి చూడాల్సిందే.

ర్యామ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒకే పెట్టెలో వచ్చే రెండు 8 జీబీ స్టిక్కులు కొని, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. ఆన్ చేయకపోతే 3200 అని రాసి ఉన్న ర్యామ్ కూడా 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది, మీకు తెలియను కూడా తెలియదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. ఇక్కడే జనం డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని ఒకసారి తిప్పి, పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉంటుంది. కింద పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, దాన్ని 12తో హెచ్చవేయండి. 18 ఆంపియర్లు అని ఉంటే 216 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. ఆర్‌ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్లు, 5600 బాగా పనిచేస్తున్నప్పుడు 76 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇంకా ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, బోర్డు ఉండనే ఉన్నాయి. నేను 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్న 550 వాట్లది పెట్టాను. ఆటలో సగం లోడు దగ్గరే ఉంటుంది కాబట్టి దాని ఫ్యాన్ చప్పుడు కూడా వినపడదు.

వైర్ల దగ్గర తొందరపడొద్దు. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డుకి వెళ్లేది ఆరు, రెండుగా విడిపోతుంది. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు. ఊడదీసే వైర్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ దానికి అస్సలు వాడొద్దు. చివరలు పట్టినా లోపల వరస వేరుగా ఉండి పార్టులు కాలిపోవచ్చు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో యూపీఎస్ కూడా ఒక పార్టే. షాపుల్లో మామూలుగా చేతికిచ్చే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే మోస్తుంది. కంప్యూటర్, మానిటర్ కలిపి ఆటలో 300 వాట్ల దగ్గరికి వెళ్తే దాని మీద భారం ఎక్కువే. 1100 వీఏ పెట్టాక కరెంటు పోయినా ఆట ముగించి నింపాదిగా ఆపుకుంటున్నాను. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది సైన్ వేవ్‌దేనా (గోడ కరెంటులాగే నున్నటి కరెంటు ఇచ్చేదేనా), వెనకున్న మీట యూపీఎస్ వైపే ఉందా అని చూసుకోండి. రెండో వైపు ఉంటే మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు.

ఎర్త్ గురించి ఎవరూ మాట్లాడరు. క్యాబినెట్ ఇనుముకి చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంటోందంటే సాకెట్‌లో ఎర్త్ సరిగా లేదని అర్థం. మా పాత ఇంట్లో అలాగే ఉండేది. ఎలక్ట్రీషియన్ ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు కొత్తగా వేసి, నీళ్లు పోయించి, గదిలో సాకెట్ దాకా ఎర్త్ వైరు లాగాక ఆ జివ్వుమనడం పోయింది. వేలకు వేలు పోసి కార్డు కొనేవాళ్లు ముందు ఈ పని చేయించుకోవాలని గట్టిగా చెప్తున్నాను.

క్యాబినెట్ ముందువైపు అద్దం ఉన్నది అందంగానే ఉంటుంది. కానీ రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో దానికి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? నేను ముందు జల్లెడ ఉన్నదే తీసుకున్నాను. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. మే నెలలో కార్డు 75 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, చలికాలంలో 60ల్లో ఉంటుంది. ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ పనిచేస్తుంది కానీ ఎండాకాలం బాగా అరుస్తుంది. తర్వాత టవర్ కూలర్ పెట్టాను, ఎత్తు 155 మిల్లీమీటర్లు. క్యాబినెట్ కొనేటప్పుడే కూలర్ ఎత్తు, కార్డు పొడవు ఎంతవరకు పడతాయో చూసుకోబట్టి ఇబ్బంది రాలేదు. జల్లెడలో దుమ్ము మాత్రం తరచూ దులపాలి. సముద్రం దగ్గర కాబట్టి వెనకవైపు స్క్రూల తలల మీద కాస్త తుప్పు కనిపిస్తోంది, లోపల బోర్డు శుభ్రంగా ఉంది.

144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొన్నవాళ్లు విండోస్ సెట్టింగుల్లోకి వెళ్లి 144 ఎంచుకోండి, చాలాసార్లు అది 60 మీదే ఉండిపోతుంది. విండోస్ 11లో వాలొరాంట్ ఆడాలంటే బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రత సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి.

ఫుల్ హెచ్‌డీలో చాలా ఆటలకు ఈ మిషన్ ఇప్పటికీ హాయిగా సరిపోతోంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటల్లో మాత్రం కార్డు మీదున్న 8 జీబీ మెమరీ చాలడం లేదు, టెక్స్చర్లు (ఆటలో వస్తువుల పైపూత వివరాలు) తగ్గించుకోవాల్సి వస్తోంది. తర్వాత 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ చూస్తున్నాను. అది 160 వాట్లదే కాబట్టి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ మార్చే పనిలేదు. నచ్చిన మోడల్ పొడవు మా క్యాబినెట్‌లో పడుతుందో లేదో టేపు పెట్టి కొలిచాక ఆర్డర్ పెడతాను.