పాయింట్లా, పాలిగాన్లా?

శాటిలైట్ ఫోటోలో హుస్సేన్ సాగర్ లాంటి చెరువును సెగ్మెంట్ చేశాక, అంటే సాఫ్ట్‌వేర్‌తో విడిగా గుర్తించాక, వచ్చిన ఆకారం (ఆబ్జెక్ట్) సరిగ్గా ఉందా అని చాలామంది ర్యాండమ్ పాయింట్లు వేసి, అక్కడ నీళ్లేనా అని చూస్తారు. త్వరగా అయిపోతుంది. కానీ ఆబ్జెక్ట్ గట్టు దాటి రోడ్డునీ మింగేసినా, చెరువే నాలుగు ముక్కలైనా, పాయింట్ నీళ్ల మధ్యలో పడితే ‘కరెక్ట్’ అనే వస్తుంది, నాకు నచ్చనిది ఇదే.

చేత్తో గీసిన చెరువు హద్దుతో, అంటే పాలిగాన్‌తో పోలిస్తే ఈ తప్పు దొరికిపోతుంది: గీసింది 10 ఎకరాలు, ఆబ్జెక్ట్ 12, రెండిట్లోనూ ఉమ్మడిగా ఉన్నది 9 అయితే, ఆ 9ని రెండూ కలిపి కవర్ చేసే మొత్తం 13తో (10+12-9) భాగిస్తే 0.69; పూర్తిగా సరిపోతే 1 రావాలి, అంటే హద్దు తేడాగా ఉన్నట్టే. గీయడానికి టైమ్ పడుతుంది, నిజమే. పైగా ఇస్రో శాటిలైట్ కెమెరా లిస్-4 ఫోటోలో పిక్సెల్ 5.8 మీటర్లు, గుర్రపుడెక్క ఉన్నచోట ఒడ్డు ఎక్కడో చెప్పడం కష్టం.

సిటీ మొత్తం ల్యాండ్ కవర్‌కి, అంటే ఎక్కడ నీళ్లు, ఎక్కడ చెట్లు, ఎక్కడ బిల్డింగులు అనే మ్యాప్‌కి పాయింట్లు చాలు. చెరువు కబ్జా లెక్క తేల్చాలంటే మాత్రం పాలిగాన్ గీయాల్సిందే.