రైస్ నాలెడ్జ్ బ్యాంకు, ఎస్‌ఆర్‌పీ పీడీఎఫ్: ఒక దాళ్వా అంతా వాడి చూశాక

వరి సాగు మీద నెట్లో ఊరికే దొరికేవాటికి కూడా రివ్యూ ఏంట్రా అని మా తమ్ముడు నవ్వాడు. దీనికి డబ్బు కట్టకపోయినా, తేడా వస్తే పోయేది మన పంటే కదా. అందుకే రాస్తున్నా.

మాది పశ్చిమ గోదావరిలో అత్తిలి దగ్గర ఊరు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. కిందటి దాళ్వాకి, అంటే రబీ వరికి ముందు మేం ధాన్యం తోలే మిల్లుకి ఒక ఎగుమతి కంపెనీ మనుషులు వచ్చారు. ఫలానా ప్రమాణం ప్రకారం పండిస్తే బస్తాకి కాస్త ఎక్కువ ఇస్తామని చెప్పి, పది మంది పేర్లు రాసుకుని, ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, అందులో లింకులు పడేసి, టీ తాగి వెళ్లిపోయారు. ఆ లింకులు పది మందిలో ఎనిమిది మంది తెరవనే లేదు. నేను తెరిచాను, ఎందుకంటే ఆ రోజు కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ ఉంది.

వాటిలో పనికొచ్చేవి రెండు. ఒకటి ఫిలిప్పీన్స్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అదే ఇర్రి, వాళ్ల రైస్ నాలెడ్జ్ బ్యాంకు. విత్తనం దగ్గర్నుంచి గోదాం దాకా వరి సంగతులన్నీ చిన్న చిన్న పేజీలుగా పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. రెండోది సస్టైనబుల్ రైస్ ప్లాట్‌ఫాం, అదే ఎస్‌ఆర్‌పీ, వాళ్ల ప్రమాణం పీడీఎఫ్. ఇర్రి, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి 2011లో ఈ ఎస్‌ఆర్‌పీ మొదలుపెట్టాయి, ప్రమాణం మొదటిసారి 2015లో వచ్చింది. నేను దించుకున్నవి ఇంగ్లీషువి. నా ఇంగ్లీషు ఇంటర్‌తో ఆగింది కాబట్టి ఫోన్లో ఉండే అనువాదం నొక్కాను. టిల్లరింగ్ అన్నచోటల్లా "దున్నడం" అని వచ్చింది. అంటే ఊడ్చిన మూడు వారాలకి చేను దున్నేయమని. అది పిలకలు వేసే దశ అని మా మేనకోడలు చెప్పేదాకా, ఫిలిప్పీన్స్ వాళ్లకేమైనా పిచ్చా అనుకున్నాను. కాబట్టి మొదటి సలహా, అనువాదం నమ్మకండి, అగ్రికల్చర్ చదివే పిల్లలెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

నాలెడ్జ్ బ్యాంకులో నేను నిజంగా వాడింది నీటి గొట్టం పేజీ. ఏడబ్ల్యూడీ అంటారు, అంటే మడిని ఒకసారి తడిపి, ఒకసారి ఆరగట్టి, మళ్లీ తడపడం. చేనుకి సుడిదోమ పురుగు పడితే మన పెద్దోళ్లు చేసే పనే. కాకపోతే వాళ్లు కాలితో నొక్కి చూసి చెప్పేవాళ్లు, ఇక్కడ గొట్టం చెబుతుంది. 30 సెంటీమీటర్ల గొట్టం, వెడల్పు 10 నుంచి 15 సెంటీమీటర్లు. కింది సగానికి చుట్టూ బెజ్జాలు పెట్టి, ఆ సగం నేలలోకి దించి, లోపలి మట్టి తీసేయాలి. లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే బెజ్జాలు పూడుకున్నట్టు. నీళ్లు నేలకింద 15 సెంటీమీటర్లకి దిగేదాకా వరికి ఢోకా లేదని వాళ్ల లెక్క. దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. ఈనే ముందు ఒక వారం, తర్వాత ఒక వారం మాత్రం ఆరగట్టకూడదు. కలుపు ఎక్కువగా ఉంటే రెండు మూడు వారాలు ఆగి మొదలుపెట్టమన్నారు. ఇంత స్పష్టంగా, గొట్టం ఎక్కడ పాతాలో, గట్టుకి అందుబాటులో ఉండాలని, మరీ పల్లంలోనూ మెరకలోనూ వద్దని కూడా రాశారు. ఈ ఒక్క పేజీకి అయిదుకి అయిదు స్టార్లు.

నేను పాత బోరు నాలుగంగుళాల గొట్టం ముక్కలు కోయించి, ఇనుప చువ్వ కాల్చి బెజ్జాలు పెట్టాను. కొలవడానికి మా అమ్మాయి స్కూలు స్కేలు, 30 సెంటీమీటర్లది. పైనుంచి స్కేలు దించి, తడి ఎక్కడ తగిలిందో చూసి అందులోంచి 15 తీసేస్తే సరి. మొదటి వారం బాగానే సాగింది. ఎనిమిదో రోజు పొద్దున స్కేలు దించితే లోపల ఏదో కొసని పట్టుకుంది. లాగితే రావట్లేదు. చూస్తే పీత. గొట్టంలో సంసారం పెట్టేసింది. ఆ గాటు ఇప్పటికీ స్కేలు మీద ఉంది, మా అమ్మాయి క్లాసులో అందరికీ చూపించుకుంది. తర్వాత మూతికి దోమతెర ముక్క కట్టాను. మన గట్లలో పీతలుంటాయి కాబట్టి మీరు మొదటిరోజే కట్టుకోండి.

ఇక అసలు విషయం. ఆ పేజీ చదువుతుంటే రైతు చేతిలో నీళ్ల మీట ఉన్నట్టు, చేనుకి కావాల్సినప్పుడు తిప్పుకోవచ్చన్నట్టు ఉంటుంది. బోరున్న మెట్టవాళ్లకి అది నిజమే కావచ్చు. మనకి దాళ్వాలో కాలువ నీళ్లు వంతుల లెక్కనే. ధవళేశ్వరంలో ఎంత వదిలారు, కాలువకి ఎన్ని రోజులు ఇచ్చారు, కాలువ చూసే లస్కరు ఏమన్నాడు, ఇవన్నీ దాటుకుని మన బోదెలోకి వచ్చిన రోజే నీళ్లు. గొట్టం "ఇంకా అక్కర్లేదు" అంటుంటే కాలువ "ఇప్పుడే తీసుకో, మళ్లీ ఎప్పుడో" అంటుంది. ఎవరి మాట వింటాం? కాలువ మాటే. వంతు వదులుకుని, శివారులో ఉండి, తర్వాత ఎవరి కాళ్లు పట్టుకోవాలి? పైగా మాది మడి నుంచి మడికి పారే నీరు. నేను గండి కట్టేస్తే దిగువ పొలం మావయ్యకి ఆగిపోతుంది. మొదటిసారి కట్టినప్పుడు ఆయన పొద్దున్నే గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు.

"ఏంట్రా అబ్బాయ్, నీళ్లు కట్టేశావ్?"

"ఆరగడుతున్నాను మావయ్యా, గొట్టం పెట్టాను."

"నీ గొట్టం నువ్వే పెట్టుకో, నా చేనెందుకురా ఆరగడతావ్?"

ఆయన మాటలో తప్పేం లేదు. ఎస్‌ఆర్‌పీ ప్రమాణంలో కూడా సాగునీటిని ఊరంతా కలిసి ఎలా చూసుకుంటున్నారన్నదానికి విడిగా ఒక అంశం ఉంది, అంటే వాళ్లకీ తెలుసు. కానీ మూడు పొలాలవాళ్లం కలిసి పక్కన ఒక సన్న బోదె తవ్వుకుంటే గానీ మా పని అవ్వలేదు. ఆ రోజు పార పట్టింది ముగ్గురం, ఏ పీడీఎఫ్‌లోనూ లేదిది.

మరి గొట్టం వల్ల ఏం ఒరిగింది అంటే, నాకు ఒరిగింది నీళ్లు కాదు, డీజిలు. ఇదివరకు వంతు అయిపోయిన అయిదో రోజుకి చేను పైన తడి ఆరి, సన్న నెర్రె కనబడగానే టెన్షన్ వచ్చేసేది. ఆయిల్ ఇంజను తెచ్చి మురుగు కాలువలోంచి తోడేవాణ్ని. ఈసారి అయిదో రోజు స్కేలు దించితే 23 దగ్గర తడి. అంటే నేలకింద 8 సెంటీమీటర్లలోనే నీళ్లున్నాయి, పైన చూస్తే ఎండినట్టే. ఇంజను తేలేదు. ఏడో రోజుకి నేలకింద 12. తర్వాతి వంతు వచ్చేసింది. దాళ్వా మొత్తంలో ఇంజను పెట్టింది ఒక్కసారి, అదీ ఈనే ముందు. నీళ్లు 30 శాతం దాకా ఆదా అని అక్కడ రాశారు, మా కాలువలో ఎంత ఆదా అయిందో లెక్కగట్టే పని నాది కాదు, నా డీజిలు లెక్క నాకు తెలుసు. ఒక హెచ్చరిక, మన నల్ల రేగడిని మరీ ఎండనిస్తే నెర్రెలు పెద్దవై, తర్వాత పెట్టిన నీళ్లన్నీ వాటిలోకే పోతాయి. మొగల్తూరు వైపు ఉప్పు తేలే భూముల్లో అయితే ఆరగట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి, అడుగునుంచి ఉప్పు పైకెక్కితే గొట్టం కాపాడదు.

ఎస్‌ఆర్‌పీ పీడీఎఫ్ సంగతికొద్దాం. ఎనిమిది విభాగాలు, 41 అంశాలు. ఒక్కో అంశంలో మనం ఏ మెట్టు మీద ఉన్నామో చూసుకుని మార్కులేసుకోవాలి, మొత్తం 100. 33 దాటితే దారిలో ఉన్నట్టు, 90 దాటితే సుస్థిరంగా పండించిన బియ్యం అని చెప్పుకోవచ్చు. కొన్నింట్లో మాత్రం కనీస మెట్టు ఎక్కాల్సిందే. మొదట మనకి మనమే మార్కులేసుకోవడం, తర్వాత కొనేవాళ్లో మరొకళ్లో వచ్చి చూడటం, ఆపైన బయటి సంస్థ తనిఖీ. నాకు నేను వేసుకుంటే మొదటిసారి 60 కూడా రాలేదు. పుస్తకం రాయకపోవడం వల్లే సగం పోయింది. ఏ రోజు ఏం వేశామో క్యాలెండర్ వెనక రాసుకునే అలవాటు, సంక్రాంతికి కొత్త క్యాలెండర్ రాగానే పాతది పోతుంది.

చదవడానికి విసుగే గానీ, రాసినవాళ్లు పొలం చూసినవాళ్లే అనిపించింది. ఎలుకలకి విడిగా ఒక అంశం, పిట్టలకి ఒకటి, నత్తలకి ఒకటి. పురుగుమందు కొట్టేవాడి బట్టలు, స్నానం, ఖాళీ డబ్బా ఎక్కడ పడేశాం, కొట్టాక చేలోకి ఎప్పుడు దిగాం, అన్నీ అడుగుతుంది. మా దగ్గర ట్యాంకుల లెక్కన కొట్టే కుర్రాడు మొహానికి తువ్వాలు చుట్టుకోవడమే రక్షణ. డబ్బా మీద డైమండ్ గుర్తు ఉంటుంది కదా, కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, దాని అర్థం వాడికి తెలీదు. నిజం చెప్పాలంటే ఎరుపు అన్నింటికంటే విషమని తప్ప మిగతా వరస నాకూ తెలీదు, ఇది నింపేటప్పుడే నేర్చుకున్నాను.

రెండు చోట్ల మాత్రం పెన్ను ఆగిపోయింది. ఒకటి, చేలోకి వచ్చే నీరు శుభ్రమైనదా అన్న ప్రశ్న. ఎగువన రొయ్యల చెరువులు, వాటి నీళ్లు వదిలేది అదే మురుగు కాలువలోకి, మేం ఇంజనుతో తోడేదీ అక్కణ్నుంచే. ఇందులో రైతు ఒక్కడు చేయగలిగింది ఏముంది? రెండోది కూలి. ఆడా మగా తేడా లేకుండా ఇస్తున్నారా అని. మిల్లు అరుగు మీద పది మందిమి కూర్చుని నింపుతున్నాం, అప్పటిదాకా జోకులేసుకుంటున్నవాళ్లం అందరం ఒక్కసారిగా ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టాం. ఊడ్చేది, కలుపు తీసేది ఆడవాళ్లే, గట్టు చెక్కేవాడికి ఎక్కువ ఇస్తాం. "అది వేరే పని కదండీ" అని ఒకాయన అన్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. నేను అక్కడ సున్నా వేసుకున్నాను. మిగతావాళ్లు ఏం వేశారో అడగలేదు.

కౌలు రైతులకి ఇంకో మెలిక. కంపెనీవాళ్ల ఫారంలో పట్టాదారు పాసు పుస్తకం అడిగారు. నా మూడెకరాల ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. 2019 చట్టం ప్రకారం సీసీఆర్‌సీ కార్డు, అంటే కౌలు రైతుకి ఇచ్చే సాగు హక్కు పత్రం, తీసుకుందామన్నా ఆయన సంతకం కావాలి. ఫోన్ చేస్తే "ఎందుకండీ ఆ కాయితాలు, మనం మనం నమ్మకస్తులం కదా" అన్నారు. దాంతో నా పేరు మీద రెండెకరాలే ఎక్కాయి. ఈ గుంపుగా పాటించే పద్ధతులన్నీ చిన్న రైతు కోసమే అంటారు. డెల్టాలో చిన్న రైతంటే సగానికి సగం కౌలుదారే, అతని చేతిలో కాయితం ఉండదు. ఈ విషయంలో ఒక్క స్టారు కూడా ఇవ్వలేను.

ఇంగ్లీషు అస్సలు వద్దనుకుంటే రంగా వ్యవసాయ వర్సిటీ వాళ్లు ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం ఉంది, మన రకాలు, మన తెగుళ్లు, మన మోతాదులు. సుడిదోమకి ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని ఫిలిప్పీన్స్ దాకా వెళ్లకుండానే అందులో దొరుకుతుంది. ఎస్‌ఆర్‌పీ అడిగే సస్యరక్షణ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇంటి తిండికి ఒక ఎకరం ప్రకృతి సేద్యం చేసేవాళ్లయితే పీజీఎస్ ఇండియా చూడొచ్చు. అయిదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి, బయటి సంస్థకి ఫీజులుండవు. మార్పిడిలో ఉన్నంతకాలం గ్రీన్, అయ్యాక ఆర్గానిక్ ముద్ర. ఎగుమతికి మాత్రం అది చెల్లదు, దానికి ఎన్‌పీఓపీ అనే కేంద్ర ప్రభుత్వ సేంద్రియ ధ్రువీకరణ దారే.

బస్తాకి ఎక్కువ ఇస్తామన్న కంపెనీవాళ్లు మాసూళ్లప్పుడు రాలేదు. ఫోన్ ఎత్తారు, "ఈ సీజన్ ట్రయల్ అండీ" అన్నారు. మామూలు ధరకే తోలేశాం. గ్రూపులో ఇప్పుడు గుడ్ మార్నింగ్ బొమ్మలే వస్తున్నాయి.

ఈ దాళ్వాకి మళ్లీ నాలుగు గొట్టాలు కోయించాను. ఒకటి దిగువ పొలం మావయ్య పట్టుకెళ్లాడు. పాతాడో, ఇంటి చూరు నీళ్లకి పెట్టుకున్నాడో ఇంకా చూడలేదు. దోమతెర ముక్క మాత్రం అడిగి మరీ తీసుకెళ్లాడు.