ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్: మూడేళ్లు చదివాక

డెవలపర్లు నెట్‌లో చదవడానికి ఏది బాగుంటుందని అడిగితే, డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్లో పెట్టే ఎస్‌క్యూలైట్ వాళ్ల సొంత డాక్యుమెంటేషన్నే చెప్తూ వచ్చాను. అందులోనూ ఒక్క పేజీ కోసం: డేటాబేస్ ఫైలు ఏయే దారుల్లో పాడవుతుందో తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. తమ సరుకు ఎక్కడ చెడుతుందో ఇంత విడమరిచి చెప్పే అంగడి ఇంకోటి నాకు కనబడలేదు. లాక్‌లు (ఇద్దరు ఒకేసారి రాయకుండా వేసే అడ్డు) సరిగా పనిచేయని నెట్‌వర్క్ డ్రైవ్, రాయకుండానే రాసేశాననే డిస్క్, ఆఖరికి కెపాసిటీ దొంగలెక్క చూపించే పెన్‌డ్రైవ్‌తో సహా అన్నీ ఉన్నాయి. మొత్తం జిప్‌గా దించుకోవచ్చు కాబట్టి చిత్తూరు బస్సులో సిగ్నల్ పోయినా ఇబ్బంది లేదు.

దాని విలువ తెలిసింది తిరుపతి స్టేషన్ దగ్గర ఒక లాడ్జీ బిల్లింగ్ విషయంలో. ప్రోగ్రామ్ వాల్ (WAL) మోడ్‌లో, అంటే మార్పులు ముందు పక్క ఫైల్లో రాసే పద్ధతిలో ఉంది. రోజూ రాత్రి డీబీ (అసలు డేటాబేస్) ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌కి కాపీ అయ్యేది. హార్డ్‌డిస్క్ పోయాక ఆ కాపీ తెరిస్తే శుభ్రంగా తెరుచుకుంది, ఫైలు పాడైందా అని చూసే ఇంటిగ్రిటీ చెక్ కూడా ఓకే అంది. చివరి 190 బిల్లులు మాత్రం లేవు.

వాల్ మోడ్‌లో కొత్త బిల్లు నేరుగా డీబీలోకి పోదు, పక్కనుండే వాల్ ఫైల్లో చేరుతుంది. మామూలు సెట్టింగుల్లో అది 1,000 పేజీలు (ఇక్కడ పేజీ అంటే డేటాబేస్ ఫైల్లో ఒక ముక్క), అంటే 4,096 బైట్ల పేజీ లెక్కన సుమారు 4 ఎంబీ దాటాకే అసలు ఫైల్లోకి దిగుతుంది. ఒక్కో బిల్లు అయిదు పేజీలు ముట్టుకుంటే రెండొందల బిల్లులు బయటే ఉన్నట్టు. చివరి కనెక్షన్ మూసినా దిగుతుంది గానీ, తిరుపతి లాడ్జీలో కౌంటర్ మూసేదెప్పుడు?

ఫైల్ కాపీ బదులు ఎస్‌క్యూలైట్ షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రామ్) డాట్ బ్యాకప్ (.backup) వాడాలి, లేదా 2019లో 3.27 వెర్షన్‌తో వచ్చిన, డేటాబేస్‌ని కొత్త ఫైల్లోకి రాసే వ్యాక్యూమ్ ఇంటూ (VACUUM INTO) కమాండ్. రెండోదానికి అదే పేరుతో ఫైలు ముందే ఉంటే ఎర్రర్ ఇస్తుంది, అందుకని పేరులో తేదీ కలపండి. తర్వాత కాపీ తెరిచి ఆఖరి బిల్లు నంబరు కౌంటర్‌తో పోల్చండి. తిరిగి పెట్టేటప్పుడు పాత వాల్ ఫైలు పక్కన మిగలకూడదు. అది కొత్త డీబీకి అతుక్కుంటే నిజంగానే పాడవుతుంది.

ఇంతకీ వాల్ ఫైలు విడదీస్తే డేటా పోవచ్చన్న మాట వాల్ గురించిన పేజీలో, పేరాల మధ్య ఒక వాక్యంగా ఉంది. అటామిక్ కమిట్ (మార్పు పూర్తిగా జరగడం, లేదా అసలు జరగకపోవడం) పేజీ ఎంత అందంగా రాసినా అది రోల్‌బ్యాక్ జర్నల్‌కే, అంటే మార్చేముందు పాత డేటా పక్కన దాచే ఇంకో పద్ధతికే వర్తిస్తుంది. ఆ సంగతి మొదట్లోనే చెప్పారు, కానీ చాలామంది బొమ్మల దగ్గరికి దూకేస్తారు. ఫారిన్ కీలు (ఒక టేబుల్ ఇంకో టేబుల్‌తో సరిపోయేలా చూసే నియమాలు) మామూలుగా ఆఫ్‌లో ఉంటాయన్నది ఇంకో పేజీలో. వరసగా చదివించే పుస్తకం కాదిది, ఏది ముందో మనమే తేల్చుకోవాలి.

నేను చూసేవి ఎక్కువగా ఒక్క మెషిన్ మీద నడిచే అంగళ్లు, లాడ్జీలు. పది బ్రాంచీలు ఒకే సర్వర్‌కి రాసే పనైతే సర్వర్ మీద నడిచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ చదవమంటాను. నాలాంటి పనే అయితే వాల్ పేజీ ముందు, పాడయ్యే దారుల పేజీ తర్వాత.