మిన్‌స్క్‌లో కొన్న లూచ్ క్వార్ట్జ్ 2356

1988లో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని మిన్‌స్క్‌లో (ఇప్పటి బెలారస్ రాజధాని) చదువుకునేటప్పుడు స్టైపెండ్‌లో మిగుల్చుకుని కొన్న వాచీ ఇది. ఇప్పటికీ నా చేతికి ఇదే. మధ్యలో రెండేళ్లు మాత్రం బీరువాలో పడుంది. ఆ తప్పు నాదే.

లూచ్ అంటే రష్యన్‌లో కిరణం. మిన్‌స్క్ వాచీ ఫ్యాక్టరీ పెట్టుకున్న పేరు. 2356 అన్నది లోపలి మెషిన్ నంబరు. సోవియట్ పద్ధతిలో మొదటి రెండంకెలు మెషిన్ వెడల్పు, మిగతా రెండూ అది ఏ రకమో చెప్పే కోడ్. 1970లలో ఇదే ఫ్యాక్టరీ చేసిన తొలి తరం క్వార్ట్జ్ మెషిన్ 3055. అంటే 30 మిల్లీమీటర్ల నుంచి 23కి దించారు. క్వార్ట్జ్ క్రిస్టల్, చిప్, కాయిల్, సెల్లు (బ్యాటరీ), వారం, తేదీ అన్నీ అందులోనే సర్దాలి మరి. చిప్‌ల తయారీకి ఆ ఊరు కొత్త కాదు. ఇంటెగ్రల్ సంస్థ, దాని ఎలక్ట్రోనికా డిజిటల్ వాచీలు కూడా మిన్‌స్క్‌వే.

క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్ దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే చివరికి సెకనుకు ఒక్క దెబ్బ మిగులుతుంది. ఆ దెబ్బకే ముల్లు ఒక అడుగు వేస్తుంది. నాన్న ఇచ్చిన కీ ఇచ్చే వాచీని రోజూ రేడియోతో సరిచూసుకునేవాణ్ణి. దీనితో ఆ టెన్షన్ పోయింది. మిన్‌స్క్ చలికాలంలో నా రూమ్మేట్ డిజిటల్ వాచీలో అంకెలు బద్ధకంగా మారుతుంటే, దీని ముల్లు మాత్రం ఠంచనుగా నడిచేది.

నాకు బాగా నచ్చింది లోపలి పని. వెనక మూత తీస్తే ఇత్తడి పలక, స్క్రూలు, చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు కనిపిస్తాయి. కీ ఇచ్చే వాచీలు చేసిన చేతులే దీన్నీ చేశాయని తెలిసిపోతుంది. విప్పి, కడిగి, మళ్లీ బిగించుకోవచ్చు. ఇప్పటి చవక క్వార్ట్జ్ మెషిన్ చాలావరకు ప్లాస్టిక్. చెడితే పారేయడమే.

ఇక బీరువా కథ. సెల్లు అయిపోయాక తీయకుండా అలాగే వదిలేశాను. అది కారి, సెల్లుకు తగిలే రేకు పచ్చగా తుప్పు పట్టింది. మా ఊళ్లో ఒకాయన చూసి "పార్టులు దొరకవు సార్, చైనా మెషిన్ వేసేస్తా" అన్నాడు. ఒప్పుకోలేదు. ఇంకో ముసలాయన ఆ రేకు గీకి, శుభ్రం చేసి, కొత్త సెల్లు వేశాడు. అంతే, నడిచింది.

నీళ్లకు మాత్రం దూరంగా ఉంచాలి. వారం పేరు రష్యన్‌లోనే పడుతుంది, ఇంట్లో నేను తప్ప ఎవరూ చదవలేరు. ఆదివారాన్ని రష్యన్‌లో వస్క్రిసేనియె అంటారు, ఆ మాటకు మూలార్థం పునరుత్థానం. దేవుణ్ణి పక్కన పెట్టిన దేశపు ఫ్యాక్టరీ వారం వారం ఆ మాటను డయల్ మీద చూపించేదన్నది నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

పాతది కొనేవాళ్లు ముందు వెనక మూత తీయించి సెల్లు గూడు చూడండి. అక్కడ పచ్చదనం ఉంటే బేరం తగ్గించండి. సెకన్ల ముల్లు ఆగి ఆగి తడబడుతుంటే వద్దనండి.