ఒక ఎపిసోడ్‌కు ఒక చీర

నల్లకుంటలో మా ఇంటి ముందు గదే నా షాపు. ఫాల్, పీకో, బ్లౌజులు. మిషన్‌కు ఎదురుగా గోడ మీద టీవీ. ఫాల్ అంటే చీర అడుగున లోపలివైపు కుట్టే పట్టీ. దాని కింది అంచు మిషన్ మీద లాగించేస్తాను గానీ, పై అంచు చేత్తోనే హెమ్మింగ్ చేస్తాను. పట్టుచీరకు అక్కడ మిషన్ కుట్టు వేస్తే కుచ్చిళ్ల మీద గీత గీసినట్టు కనబడుతుంది. ఆ చేతిపనికి నాకు అరగంట పడుతుంది. సీరియల్ కూడా అరగంటే. అందుకే ఏ సీరియల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది కథ కాదు, అది నడిచినన్నాళ్లు ఎన్ని చీరలు తెమిలాయన్నదే.

ఆ లెక్కన 'కార్తీక దీపం' నాకు అన్నం పెట్టిన సీరియల్. 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. అందులో సగానికి సగం నేను చూడలేదు, విన్నాను. తల ఎప్పుడు ఎత్తాలో మ్యూజిక్కే చెప్పేస్తుంది. ఒక్కసారి ధన్ అంటే విలన్ మోనిత వచ్చిందన్నమాట. మూడుసార్లు ధన్ ధన్ ధన్ అంటే గదిలో ఉన్న అందరి మొహాలూ వరసగా చూపిస్తున్నారన్నమాట. ఆలోపు సూదిలోకి కొత్త దారం ఎక్కించుకోవచ్చు. కథానాయిక వంటలక్కగా ప్రేమి విశ్వనాథ్ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంటే మాత్రం పని ఆపి చూసేదాన్ని. ఆమె ఏడిస్తే నటిస్తున్నట్టు ఉండదు.

కానీ వంటలక్క మొగుడు, ఆ డాక్టర్ బాబు మీద నాకు ఇప్పటికీ కోపమే. డాక్టరై ఉండి, పిల్లలు తన పిల్లలేనా అని ఏళ్ల తరబడి అనుమానం. నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక నర్సమ్మ రోజూ అదే మాట: "అక్కా, ఆయన్ని ఒక్కసారి మా లాబ్‌కు పంపు, డీఎన్ఏ టెస్ట్ నేనే దగ్గరుండి చేయిస్తా." ఆ టెస్ట్ ముందే చేయించి ఉంటే నాకు కొన్ని వందల చీరలకు తోడు ఉండేది కాదు, అది వేరే సంగతి. 2022లో యాక్సిడెంట్‌లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోయారన్నారు, పిల్లలు పెద్దవాళ్లయ్యారన్నారు, కొన్ని నెలలకు మళ్లీ ఆ ఇద్దర్నే తీసుకొచ్చారు. నేను అక్కడే ఆపేశాను. 2024లో రెండో భాగం మొదలైతే ఒక రెండు వారాలు పెట్టాను. అదే జంట, వేరే కథ. పాత బ్లౌజుకు కొత్త చేతులు అతికించినట్టు అనిపించింది.

'బ్రహ్మముడి' మాత్రం కళ్లతోనే చూస్తాను, కథ కోసం కాదు, కావ్య బ్లౌజుల కోసం. బొమ్మలకు రంగులు వేసే అమ్మాయి నగల వ్యాపారం చేసే దుగ్గిరాల వాళ్లింటికి కోడలైన కథ. మా వీధి ఆడపిల్లలు టీవీకి ఫోటో తీసుకుని మరీ వస్తారు, "ఆంటీ, చేతులు ఇట్ల రావాలె" అని. ఆ ఫోటోలో చంక కింద ఒక్క ముడత ఉండదు. చేయి పైకెత్తి బస్సులో కడ్డీ పట్టుకునే మనిషికి అక్కడ ముడత పడి తీరుతుంది. పడకపోతే చేయే లేవదు. ఇది చెప్పినా వినరు. ట్రయల్ వేసుకుని చేయి ఎత్తి చూశాక, "కొంచెం లూజు చెయ్యండాంటీ" అంటారు. అన్నట్టు ఏ సీరియల్లోనైనా కోడళ్లు పట్టుచీరలోనే పడుకుంటారు, పొద్దున లేచేసరికి ఒక్క కుచ్చిళ్లు కూడా చెదరవు. వాటికి ఫాల్ ఎవరు కుడతారో గానీ, నేనైతే ఆమె దగ్గర శిష్యరికానికి చేరిపోతాను.

నిరుడు మా అమ్మాయి టీవీకి ఒక స్టిక్ తగిలించి, వెబ్ సిరీస్‌లు చూడమంది. మొదట పెట్టింది 'దూత'. ఎనిమిది ఎపిసోడ్లు, నాగచైతన్య జర్నలిస్టు. పేపర్ ముక్క దొరుకుతుంది, అందులో రాసింది రాసినట్టే జరుగుతుంది. మొదటినుంచీ వాన, చీకటి. మాటలు తక్కువ, పేపర్‌లో ఏముందో మనమే చదువుకోవాలి. తల దించితే కథ పోతుంది. పైగా టెన్షన్ ఉన్నచోటల్లా బొమ్మ ఆగిపోయి గుండ్రంగా తిరుగుతూ ఉండేది. ఆ రోజు నా చేతిలో నల్లంచు గద్వాల చీర. మూడో ఎపిసోడ్ అయ్యాక చూసుకుంటే ఫాల్ మొత్తం చీర పై అంచుకు కుట్టేశాను. కట్టుకుంటే నడుం దగ్గర దోపుకునే వైపు! మర్నాడు పొద్దున ఒక్కొక్క కుట్టే విప్పాను. సిరీస్ బాగుంది, పనిలో ఉన్నవాళ్లు మాత్రం పెట్టుకోవద్దు.

కొరియా సిరీస్‌లూ అంతే. మా అమ్మాయికి ప్రాణం. కింద అక్షరాలు చదువుతూ హెమ్మింగ్ చేయడం నావల్ల కాదు. 'సేవ్ ది టైగర్స్' మావారి ఖాతా. పాల వ్యాపారం చేసే ప్రియదర్శి భార్యను తట్టుకోలేక స్నేహితులతో కూర్చుని తాగుతుంటే ఈయన పడీ పడీ నవ్వుతారు. నాకూ నవ్వొచ్చింది, ఆయన ముందు నవ్వలేదు.

హిందీ 'పంచాయత్' సంగతి వేరు. ఈ స్టిక్ రాకముందు ఫోన్‌లో చూసింది. 2020 ఏప్రిల్‌లో వచ్చింది, లాక్‌డౌన్ రోజులు. పెళ్లిళ్లు ఆగిపోయాయి, షాపుకు ఒక్క చీర రాలేదు. నా జన్మలో పనే లేక ఖాళీ చేతులతో చూసిన సిరీస్ అదొక్కటే. పంచాయతీ సెక్రటరీ ఫులేరా అనే పల్లెలో ఆఫీసు గదిలోనే పడుకుంటూ, ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటే నా పరిస్థితీ అలాగే ఉండేది. దాన్నే తెలుగులో 'సివరపల్లి' అని 2025 జనవరిలో తెచ్చారు. సీన్లు చాలావరకు అవే. హిందీది చూసినవాళ్లకు తర్వాత ఏం జరుగుతుందో తెలిసిపోతూ ఉంటుంది. అయినా మొత్తం విన్నాను, మురళీధర్ గౌడ్ మాట కోసం. సర్పంచ్ పదవి భార్యది, పెత్తనం మొగుడిది. ఆ మొగుడి వేషం ఆయనది. ఆయన గొంతు వింటుంటే జనగామలో మా పెద్దనాన్న అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టే ఉంది. యాసను వెక్కిరింతకు వాడకుండా మనుషుల చేత మాట్లాడించారు. హిందీదే బాగుందని మా అమ్మాయి అంటుంది. అననీ.

నా సూది ఆపింది మాత్రం '90'స్ మిడిల్ క్లాస్ బయోపిక్'. ఆరే ఎపిసోడ్లు. లెక్కల మాస్టారుగా శివాజీ, ఇంట్లో వాసుకి, ముగ్గురు పిల్లలు, అందులో చదువు అంటని చిన్నోడు. కొంపలంటుకునేది ఏమీ జరగదు. మార్కులొస్తాయి, ఉప్మా చేస్తారు, డబ్బులు లెక్కపెట్టుకుంటారు. అలాంటిది సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టేశాను. మా నాన్న ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసేవాడు. ఆ మధ్యలో మేం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. శివాజీ మొహంలో నాకు ఆ పెన్ను మూత కనబడింది. తండ్రి గొప్పతనం చెప్పేచోట మ్యూజిక్ కొంచెం ఎక్కువైంది, అది లేకపోయినా నాకు అర్థమయ్యేది. ఆ రోజు ఒక్క చీర కూడా కాలేదు.

ఇప్పుడు శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సినవి 23 చీరలు, కొన్ని ఫాల్స్ ఇంకా తడిపి ఆరేయనే లేదు. తడపకుండా కుట్టి, తర్వాత చీరకు ముడత పడితే తిట్లు నాకే. అందుకని యూట్యూబ్‌లో 'అమృతం' పెట్టాను. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారాలు వచ్చినదే. అమృతం వేషంలో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్, ఇలా ముగ్గురు మారారు. మిషన్ మీద వంగి ఉన్న నాకు ఏ ఎపిసోడ్‌లో ఎవరో గొంతు పట్టే తెలుస్తుంది. అంజిగా గుండు హనుమంతరావు గొంతు మాత్రం ఇట్టే పట్టేస్తాను. ఆయన 2018లోనే పోయారు, అయినా సీరియల్లోని హోటల్ అమృత విలాస్‌లో ఇంకా అమృతాన్ని తిడుతూనే ఉన్నారు. జోకు మాటలోనే ఉంటుంది, తల ఎత్తక్కర్లేదు. పొద్దుటినుంచి నాలుగు చీరలయ్యాయి. అయిదోది నెమలిపింఛం రంగు, దానికి మ్యాచింగ్ దారం ఇంట్లో లేదు.